పుట్టుకతో రాని తల ఆకారము

పసిబిడ్డకు లాలపోయునప్పుడు తల గుండ్రముగా వచ్చుటకై అరచేతులతో మెల్లగా ఒత్తుటయు, తలక్రింద ఆవాల దిండు ఉంచుటయు మన ఇండ్లలో ఎల్లరు ఎరిగినదే. కాని ప్రపంచమున పలు ప్రాంతములవారు ఇంతటితో ఆగలేదు. అమెరికా, యూరపు, ఆసియా, ఆఫ్రికా ఖండములన్నిటను పూర్వము కొన్ని తెగలవారు నెలల తరబడి కట్లు కట్టి, పలకలు బిగించి, శిశువుల తలలను పొడవుగానో చదునుగానో మలచెడివారు.

ఇది ఎట్లు సాధ్యమైనది? అప్పుడే పుట్టిన శిశువు పుర్రె ఒకే ఎముక కాదు. పలుచని ఎముక రేకులు కొన్ని మెత్తని నారపొరలతో ఒకదానితో నొకటి కూడియుండును. నడినెత్తిన చేతికి మెత్తగా తగులు మాడు అట్టి అతుకుల కూడలియే. అది సాధారణముగా ఏడాదిన్నర, రెండేండ్లలో పూడును. ఈలోగా మెదడు అతివేగముగా పెరుగుచు ఎముకలను వెలుపలికి నెట్టుచుండును. ఒకవైపున కట్టు అడ్డగించినచో పెరుగుదల మరియొక వైపునకు మళ్లును. పొట్లకాయ లేతగా ఉన్నప్పుడే కొనకు రాయి కట్టుదురు. ముదిరిన పిమ్మట కట్టి ప్రయోజనమేమి? పుర్రె సంగతియు అంతే. మెదడు ఆకారము కొంత మారునే కాని, దాని పరిమాణము చెప్పుకొనదగినంతగా తగ్గదు.

ఇంత శ్రమ ఎందుకు? పెరూ దేశమందలి కోల్కా నదీలోయ కథ దీనికి చక్కని సమాధానము. 1586లో స్పెయిను అధికారి యొకడు వ్రాసిన వృత్తాంతమునుబట్టి అచట కొల్లాగ్వాలు, కబానాలు అను రెండు తెగలు ఇరుగుపొరుగున నివసించెడివి. కొల్లాగ్వాలు తమ పూర్వులు కొల్లాగ్వాతా అను అగ్నిపర్వతమునుండి వెలువడిరని నమ్మి, ఆ కొండ పోలికగా బిడ్డల తలలను సన్నగా, ఎత్తుగా మలచెడివారు. కబానాలు వెడల్పుగా, చదునుగా ఒత్తెడివారు. మనిషి ఎదురైనంతనే ఏ తెగవాడో తెలియును. బట్టలు మార్చుకొనవచ్చును, పరభాష నేర్వవచ్చును. తల మాత్రము తల్లిదండ్రులు మలచినట్లే కడవరకు ఉండును. స్పెయిను పాలకులు ఈ ఆచారమును నిషేధించిరి. ఉత్తర అమెరికాలో కొలంబియా నదీతీరమందలి చినూకులలోనైతే చదునైన నుదురు స్వతంత్రులకు గుర్తు. బానిసల బిడ్డలకు ఆ భాగ్యము లేదు!

చేతితో చేసిన ఈ గుర్తును పుట్టుకగా భ్రమించిన పండితులు లేకపోలేదు. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు హిప్పోక్రాటీసు పేర నున్న ఒక గ్రంథమున పొడవు తలల ప్రజల ప్రస్తావన గలదు. మొదట కట్లవలన కలిగిన ఆ రూపము కాలక్రమమున పుట్టుకతోనే రాసాగెనని అందలి వాదము. ఇది సరికాదు. తండ్రి తలకు కట్టిన కట్టు బిడ్డకు సంక్రమింపదు. ప్రతి తరమునను మరల కట్టవలసినదే. పుర్రెలను కొలిచి మానవజాతులను విభజింపబూనిన అమెరికా శాస్త్రజ్ఞుడు మోర్టన్ సైతము 1839 నాటి తన గ్రంథమున పెరూ పుర్రెల పొడవు సహజమైనదే యని తలచెను. తరువాత ఆయనయే ఆ అభిప్రాయమును విడిచెను. కొలత తప్పు కానక్కరలేదు. కొలిచినది దేనినో తెలియకపోవుటయే చిక్కు.

నేడు ఎముకలనుండి జన్యుపదార్థమును తీసి పరీక్షింప వీలగుచున్నది. జర్మనీలోని బవేరియా ప్రాంతమున క్రీ.శ. 500 నాటి శ్మశానములలో పొడవు తలలు గల స్త్రీల ఎముకలు లభించినవి. 2018లో వెలువడిన పరిశోధన ప్రకారము తక్కినవారు ఉత్తర, మధ్య యూరపు సంతతివారు కాగా, ఈ స్త్రీలలో చాలమంది పూర్వులు ఆగ్నేయ యూరపువారు. వివాహమై దూరదేశమునుండి వచ్చియుందురని పరిశోధకుల ఊహ. అయినను వారి సమాధులలో దొరికిన వస్తువులు స్థానిక స్త్రీల వస్తువులవంటివే.