జపాను: మనం చూసే చిత్రం, వారు గడిపే జీవితం

ఒక సాయంత్రం అస్ర్ నమాజు ముగిసిన తర్వాత పదిహేనేళ్ల విద్యార్థి ఒకడు నా వద్దకు వచ్చి కూర్చున్నాడు. సెలవుల్లో ఇంటికి వెళ్లి, అన్నగారి ఫోనులో జపాను కార్టూను చిత్రాలు, ఆ దేశాన్ని పొగిడే వీడియోలు చూసి వచ్చాడు. "హజ్రత్! జపానులో పోగొట్టుకున్న పర్సు తిరిగి దొరుకుతుందట. రైళ్లు ఆలస్యం కావట. పిల్లలే తమ బడి ఊడ్చుకుంటారట. కలిమా చదవని వారు అంత మంచిగా ఉంటే, కలిమా చదివిన మనం ఇలా ఎందుకున్నాం?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు విత్తనం చల్లినవారిలో నేనూ ఒకణ్ణి. "అక్కడ ముస్లింలు లేరు గాని ఇస్లాం ఉంది" అనే మాటను జుమా ప్రసంగాల్లో పలుమార్లు వాడాను. శ్రోతలు సిగ్గుతో తలవంచుకునేలా చేయడానికి అది సులువైన మాట. విన్న వార్తను విచారించకుండా నమ్మరాదని పిల్లలకు బోధించే నేను, ఈ మాటను మాత్రం ఏనాడూ విచారించలేదు. ఈ వ్యాసం ఆ విద్యార్థికి ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి

ముందుగా న్యాయం మాట్లాడుకుందాం. ఆ అబ్బాయి చెప్పిన వాటిలో అబద్ధం లేదు. టోక్యో నగర పోలీసులకు ఏటా 40 లక్షలకు పైగా పోయిన వస్తువులు అందుతున్నాయి. 1964లో మొదలైన షింకాన్‌సెన్ వేగపు రైళ్లు సమయపాలనలో ప్రపంచానికే ఆదర్శం. బడిపిల్లలు తమ తరగతి గదులను తామే శుభ్రం చేసుకుంటారు. 2022లో ఖతర్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీల్లో జపాను ప్రేక్షకులు ఆట ముగిశాక స్టేడియంలోని చెత్తను సంచుల్లోకి ఎత్తిన దృశ్యాన్ని లోకమంతా చూసింది.

అవిశ్వాసి సుగుణాన్ని గుర్తించడం మన ధర్మానికి కొత్త కాదు. దైవప్రవక్త (స) హిజ్రత్ ప్రయాణంలో దారి చూపే బాధ్యతను అబ్దుల్లా బిన్ ఉరైఖిత్‌కు అప్పగించారు. అప్పటికి ఆయన ఇస్లాం స్వీకరించలేదు. అయినా ప్రాణాపాయ సమయంలో ఆయన నిజాయితీ నమ్మదగినదైంది. బాధితుల పక్షాన నిలబడేందుకు మక్కా పెద్దలు చేసుకున్న 'హిల్ఫుల్ ఫుజూల్' ఒప్పందంలో దైవదౌత్యానికి పూర్వమే ప్రవక్త (స) పాల్గొన్నారు. ఇస్లాం వచ్చాక కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళ్తానని సెలవిచ్చారు.

ఆ సమయపాలనకు చెల్లించిన మూల్యం

అయితే మెచ్చుకోలు వేరు, మోజు వేరు. మోజు పడినవాడు తనకు నచ్చిన భాగాన్ని మాత్రమే చూస్తాడు.

2017లో టోక్యో సమీపంలో ఒక రైలు నిర్ణీత సమయం కంటే 20 సెకన్లు ముందుగా బయలుదేరినందుకు రైల్వే సంస్థ క్షమాపణ చెప్పింది. ఈ సంగతిని మన వారంతా మురిసిపోతూ పంచుకున్నారు. 2005 ఏప్రిల్ 25న అమగసాకిలో జరిగినదాన్ని మాత్రం ఎవరూ పంచుకోరు. 23 ఏళ్ల రైలు డ్రైవరు సుమారు ఒకటిన్నర నిమిషం ఆలస్యమయ్యాడు. వంపులో పరిమితికి మించిన వేగంతో వెళ్లడంతో రైలు పట్టాలు తప్పి ఒక భవనాన్ని ఢీకొంది. ఆ డ్రైవరుతో కలిపి 107 మంది మరణించారు. పొరపాటు చేసిన డ్రైవర్లను 'పునఃశిక్షణ' పేరిట అవమానపరిచే పద్ధతి ఆ సంస్థలో ఉండేదని, ఆ భయం కూడా ప్రమాదానికి దోహదపడి ఉంటుందని తర్వాత జరిగిన విచారణలో చర్చకు వచ్చింది.

అధిక పనిభారంతో ప్రాణాలు పోవడానికి జపాను భాషలో 'కరోషి' అని ప్రత్యేకమైన పేరే ఉంది. 2015లో ఒక పెద్ద ప్రకటనల సంస్థలో పనిచేసే 24 ఏళ్ల యువతి ఆత్మహత్య చేసుకుంది. నెలకు 100 గంటలకు పైగా అదనపు పని చేయడమే ఆమె మరణానికి మూలమని ప్రభుత్వమే అంగీకరించింది. ఆ తర్వాతనే అదనపు పనిగంటలకు చట్టం హద్దు విధించింది.

2024లో ఆ దేశంలో 76 వేల మంది తమ ఇళ్లలో ఒంటరిగా మరణించినట్లు పోలీసు శాఖ లెక్క తేల్చింది. వారిలో నాలుగింట మూడు వంతుల మంది 65 ఏళ్లు దాటినవారు. గది విడిచి బయటకు రాక, సమాజానికి దూరంగా బతికేవారు 15 నుంచి 64 ఏళ్ల మధ్య వయస్కుల్లో సుమారు 14.6 లక్షల మంది ఉన్నారని ప్రభుత్వ సర్వే అంచనా వేసింది. ఒంటరితనాన్ని ఎదుర్కొనేందుకు 2021లో ఒక మంత్రిని నియమించవలసి వచ్చింది. మన పిల్లలు రాత్రింబవళ్లు చూసే ఆ కార్టూను చిత్రాలను గీసే కళాకారుల తక్కువ జీతాలను, సుదీర్ఘ పనిగంటలను 2024లో ఐక్యరాజ్య సమితి నిపుణుల నివేదిక ఎత్తి చూపింది.

అభిమానం హద్దు దాటితే

ఈ మోజు మనకే పరిమితం కాదు, నిన్న మొన్నటిదీ కాదు. 1890లో లాఫ్కాడియో హెర్న్ అనే పాశ్చాత్య రచయిత జపాను వెళ్లి ఆ దేశాన్ని గాఢంగా ప్రేమించాడు. అక్కడి స్త్రీని వివాహమాడి, కొయిజుమి యాకుమో అనే పేరుతో పౌరసత్వం పొందాడు. తొలి రోజుల్లో స్వర్గంలా తోచిన దేశం, ఉద్యోగం చేస్తూ కాపురముంటున్నకొద్దీ మామూలు మనుషుల దేశమేనని ఆయన లేఖల్లో తెలుస్తుంది. అయినా ఆయన విడిచి వెళ్లలేదు, అక్కడే కన్నుమూశాడు. జపాను వారూ ఈ భ్రమకు అతీతులు కారు. పారిస్ నగరాన్ని కలల్లో నిలుపుకొని వెళ్లి, అక్కడి వాస్తవాన్ని చూసి మనసు చెదిరిన జపాను యాత్రికుల స్థితికి వారి వైద్యుడే 'పారిస్ సిండ్రోమ్' అని పేరు పెట్టాడు.

అభిమానం స్థానికులకు భారమైన సందర్భాలూ ఉన్నాయి. క్యోటోలోని గియోన్ వీధుల్లో సంప్రదాయ కళాకారిణులను ఫొటోల కోసం పర్యాటకులు వెంటాడడంతో, 2024లో అక్కడి ప్రైవేటు సందుల్లోకి ప్రవేశం నిషేధించారు. అదే ఏడాది మరో పట్టణంలో, ఒక దుకాణం మీదుగా కనిపించే ఫుజీ పర్వతాన్ని ఫొటో తీసేందుకు జనం రోడ్డు మీదికి ఎగబడుతున్నారని అధికారులు పెద్ద తెర కట్టారు. మనిషిని మనిషిగా కాక బొమ్మగా చూస్తే ఇదే జరుగుతుంది.

ఇందుకు భిన్నమైన ఒక ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. సర్ సయ్యద్ మనుమడు, నిజాం రాజ్య విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపాను వెళ్లి అక్కడి విద్యావిధానాన్ని స్వయంగా పరిశీలించారు. తిరిగి వచ్చి దానిపై ఒక గ్రంథమే రాశారు. తెలుసుకోవడం అంటే అది.

అక్కడి ముస్లింలు

"అక్కడ ముస్లింలు లేరు" అన్న మాట కూడా తప్పే. కోబె నగరంలోని మసీదును 1935లో కట్టారు. దానికి విరాళాలిచ్చినవారిలో భారతీయ ముస్లిం వర్తకులున్నారు. 1945 బాంబు దాడులను, 1995 భూకంపాన్ని తట్టుకొని అది నేటికీ నిలిచి ఉంది. జపాను ముస్లింలకు పౌరసత్వం ఇవ్వదని, ఇస్లాంను నిషేధించిందని చక్కర్లు కొట్టే సందేశాలు కట్టుకథలు. వారి రాజ్యాంగం మత స్వేచ్ఛకు హామీ ఇస్తోంది.

అయితే కష్టాలు లేకపోలేదు. మృతులను 99 శాతానికి పైగా దహనం చేసే ఆ దేశంలో ఖబరస్తాన్‌కు చోటు దొరకడం దుర్లభం. ఓయిత ప్రాంతంలోని హిజి పట్టణంలో స్మశాన స్థలం కోసం ముస్లింలు ఏళ్ల తరబడి ప్రయత్నించారు. నీటి వనరులు కలుషితమవుతాయని కొందరు స్థానికులు అభ్యంతరం చెప్పారు. 2024లో ఎన్నికైన మేయరు ఆ స్థలాన్ని అమ్మబోనన్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ ద్వారా జపాను భాష నేర్చుకొని, అక్కడి వృద్ధుల సేవకు, ఇతర పనులకు వెళ్తున్న మన యువతీ యువకులు ఉన్నారు. వారిని పంపే తల్లిదండ్రులు ఈ సంగతులూ తెలుసుకోవాలి. వెళ్లవద్దని నేను అనను. బొమ్మను చూసి వెళ్లవద్దని మాత్రం అంటాను.

అసలు ప్రశ్న

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వస్తాను. నాయనా! జపానులో కనిపించే శుభ్రత, నిజాయితీ ఆ ప్రజల తల్లులు, ఉపాధ్యాయులు తరతరాలుగా పడిన శ్రమ ఫలితం. దానికి "ఇస్లాం" అని పేరు పెట్టి మన ఖాతాలో వేసుకోవడం వారి పట్ల అన్యాయం. వారి బాధలను దాచడం మరో అన్యాయం. ఇస్లాం అంటే ఊడ్చిన వీధి, వేళకు వచ్చే రైలు మాత్రమే అన్నట్లు కుదించడం మన ధర్మం పట్ల అన్యాయం. ఈ మూడూ నా నోట జరిగాయి.

కలిమా నువ్వు ఎవరి దాసుడివో చెబుతుంది. యజమాని, సంస్థ, సంపాదన, చివరికి సమయం కూడా నీకు దేవుడు కారాదని చెబుతుంది. నీ దేహానికి నీపై హక్కు ఉందని, ఇంటివారికి హక్కు ఉందని, పొరుగువాడికి హక్కు ఉందని ప్రవక్త (స) నేర్పారు. ఆ హక్కులు తీర్చినచోట పనిభారంతో ప్రాణం పోదు, తలుపు వెనుక వృద్ధుడు ఒంటరిగా చనిపోడు.

కాని ఇది చదివి సంతోషపడకండి. కొడుకులు గల్ఫులోనో అమెరికాలోనో ఉండగా, పక్కింట్లో ఒంటరిగా ఉన్న పెద్దమ్మ ఈ రోజు భోజనం చేసిందో లేదో మనకు తెలుసా? మన వజూఖానా ఎలా ఉంది? నమాజుకు వేళ తప్పని మనం పెళ్లి విందుకు ఎన్ని గంటలు ఆలస్యంగా వెళ్తాం? జపాను వారి లోపాలు మన లోపాలకు పరదా కారాదు.

మానవులను జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా బోధిస్తోంది. ఒకరినొకరు ఆరాధించాలనీ, ఎగతాళి చేయాలనీ కాదు. పిల్లలు ఫోనులో పరదేశాన్ని చూసి మురిసినప్పుడు వారిని కసరకండి. పక్కన కూర్చొని, "ఆ మనుషులు ఇంటికి ఎన్నింటికి వెళ్తారు? వారి అమ్మానాన్నలను ఎవరు చూసుకుంటారు?" అని అడగండి. చిత్రం వెనుక మనిషి అప్పుడు కనిపిస్తాడు.

మరుసటి శుక్రవారం మింబరుపై నిలబడి నా పాత మాటను వెనక్కి తీసుకున్నాను. ఆ విద్యార్థి మొదటి వరుసలో కూర్చొని విన్నాడు. ఆ తర్వాత మా మదరసాలో తరగతి గదులను ఊడ్చే వంతులు వేసుకున్నాం. ఉపాధ్యాయుల వంతు శనివారం. తెలుసుకున్నదాన్ని ఆచరణలో పెట్టే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.