కిల్కెన్నీ పట్టణంలో ఒక ఇల్లు

పాత కట్టడాలు అనగానే మనకి కోటలూ, రాజభవనాలే జ్ఞాపకం వస్తాయి. అక్కడ రాజుగారు ఎక్కడ కొలువు తీరారో చెబుతారు గానీ, వంట ఎక్కడ చేశారో, నీళ్ళు ఎక్కణ్ణించి తోడుకొచ్చారో ఎవరూ చెప్పరు. ఐర్లండు దేశంలో నోర్ నది ఒడ్డున కిల్కెన్నీ అనే పాత వూరు వుంది. అక్కడా పెద్ద కోట వుంది, చూడటానికి వెళ్ళినవాళ్ళందరూ ముందు అక్కడికే వెళతారు. నేనివాళ చెప్పబోయేది మాత్రం అదే వూళ్ళో ఒక వర్తకుడు సంసారం కోసం కట్టుకున్న ఇంటి సంగతి.

ఆ వర్తకుడి పేరు జాన్ రోత్. పేరు మన చెవికి కాస్త ఎబ్బెట్టుగా వుంటుంది గానీ ఇల్లు మాత్రం ముచ్చటైన ఇల్లు. 1594లో వీధి వైపున రాతితో మొదటి ఇల్లు కట్టించాడు. ఆయనకీ, భార్య రోజ్ ఆర్చర్‌కీ పదిమందికి పైగా పిల్లలు. ఒక ఇల్లు ఎలా సరిపోతుంది చెప్పండి? వెనకాల వాకిలి వదిలి రెండో ఇల్లు కట్టారు. దాని వెనక మరో వాకిలి వదిలి 1610 నాటికి మూడో ఇల్లు లేపారు. రైలు పెట్టెల్లాగ ఒకదాని వెనక ఒకటి మూడిళ్ళు, మధ్యన రెండు వాకిళ్ళు.

అంత డబ్బున్నవాడు పక్కకి పెంచుకోవచ్చు గదా అని మీకు అనిపించవచ్చు. పక్కన చోటు లేదు. ఆ కాలంలో ఆ వూళ్ళో స్థలాలన్నీ వీధి వైపున సన్నగా, వెనక్కి చాలా పొడుగ్గా పంచారు. వీధి మీద ముఖం వుంటేనే వ్యాపారం సాగుతుంది. ఆ ముఖం ఒక్కడికే దక్కకుండా అందరికీ తలా కాస్త రావాలి. అందుకని వెడల్పు తగ్గించి, పొడుగు మాత్రం వూరి ప్రహరీగోడ దాకా ఇచ్చారు. పెంచుకుంటే వెనక్కే పెంచుకోవాలి.

వీధిలో నించుని చూస్తే ముందు రాతి కమానులు కనిపిస్తాయి. ఆ కింద దుకాణం. పైన ఇంటివాళ్ళ గదులు. కమాను కిందుగా లోపలికి నడిస్తే మొదటి వాకిలి. ఇంకా లోపలికి పోతే రెండో వాకిట్లో నుయ్యి. మూడో ఇంట్లో వంటిల్లు, అందులో మనిషి నిలువునా నించోగలిగేటంత పెద్ద పొయ్యిగూడూ, రొట్టెలు కాల్చే ఆవమూ. ఇరుకు స్థలంలో కూడా ఏ గదికీ వెలుతురు లోటు రాకుండా చేసినవి ఆ వాకిళ్ళే. నుయ్యి వంటింటికి దగ్గర్లో పెట్టడం చూస్తే ఇల్లాలి మాట కూడా చెల్లిందని నా నమ్మకం! అయితే ఐర్లండులో ఏడాది పొడుగునా చినుకులే. ముందింట్లో అతిథులు కూర్చున్న రోజున, వంటింట్లోంచి గిన్నెలు పట్టుకుని రెండు వాకిళ్ళు దాటి వచ్చిన పనిపిల్లలు ఎంత తడిశారో పాపం.

కట్టడానికి వాడినది ఆ చుట్టుపక్కల దొరికే సున్నపురాయి. ఆ ప్రాంతంలోనే ఒక రకం రాయి సానబెడితే నల్లగా నిగనిగలాడుతుంది. దాన్ని వాళ్ళు నల్ల చలవరాయి అంటారు, కిల్కెన్నీని చలవరాతి నగరమనీ పిలుస్తారు. నిజానికి అదీ సున్నపురాయే. మన వంటింటి గట్టుకి పరిచే కడప బండ లాంటిదే అనుకోండి. తేడా ఏమిటంటే, ఆ రాతిలో తెల్లతెల్లగా గవ్వల అచ్చులు కనిపిస్తాయి. మన కడప బండలో కనిపించవు. అది గవ్వ పురుగులు భూమ్మీద పుట్టకముందు ఏర్పడ్డ రాయి.

ఇంట్లోంచి బజారుకి వస్తే థోల్సెల్ అనే కట్టడం కనిపిస్తుంది. ఆ మాటకి సుంకాలు చెల్లించే చోటు అని అర్థం. 1761లో కట్టారు. కింద కమానులు కాలిబాట మీదుగా వుంటాయి, అంచేత వాన వస్తే ఎవరైనా కింద నించోవచ్చు. 1985లో మంటల్లో కాలితే మళ్ళీ బాగుచేసుకుని పురపాలక కార్యాలయంగా వాడుకుంటున్నారు. దగ్గర్లోనే రెండు వీధుల్ని కలిపే మెట్ల సందు వుంది. పేరు వెన్న సందు. ఒకప్పుడు అక్కడ వెన్న అమ్మేవారు. చల్లటి నీడపట్టు కదా, వెన్నకి అంతకన్నా మంచి చోటేది? మరో వీధిలో 1582లో రిచర్డ్ షీ అనే ధనవంతుడు పన్నెండుమంది పేదల కోసం కట్టించిన సత్రం వుంది.

ఇక రోత్ కుటుంబానికి ఆ ఇల్లు నిలవలేదు. 1650లో క్రామ్వెల్ సేనలు వూరు పట్టుకున్నాయి. ఆ తరువాత కాథలిక్కు వర్తకుల ఆస్తులు చాలామటుకు చేతులు మారాయి. వీళ్ళదీ పోయింది. కానీ ఏదో ఒక పనికి ఎవరో ఒకరు ఆ ఇంట్లో మసలుతూనే వచ్చారు. కోట సంగతి వేరు. 1935లో బట్లర్ వంశంవారు సామానంతా వేలం వేసి వెళ్ళిపోయారు. ముప్పయ్యేళ్ళు తాళం వేసి వుంచితే అంత కోటా పాడుపడిపోయింది. చివరికి 1967లో యాభై పౌన్లకి వూరికి ఇచ్చేశారు. మనుషులు లేని ఇంట్లో కారే కప్పుని గమనించేదెవరు? నీరు దిగితే దూలాల కొసలు పుచ్చిపోతాయి, ఎంత మందం గోడలున్నా లాభం లేదు.

రోత్ ఇంటిని 1962లో ఆ వూరి పురావస్తు సంఘంవారు కొన్నారు. 1966లో ప్రదర్శనశాలగా తెరిచారు. మూడిళ్ళకీ వెనక, ప్రహరీగోడ దాకా వున్న పెరట్లో ఆ కాలపు పళ్ళచెట్లూ, కూరమొక్కలూ, మందుమొక్కలూ మళ్ళీ నాటి 2008లో జనానికి తెరిచారు.