నూనెరంగుల్లో పురాణపురుషుడు

ఉదయగిరి దుర్గాన్ని 1514లో గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు, అక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకెళ్లి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ రాతిమూర్తి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అలాంటి మూర్తిని చెక్కే శిల్పికి కండలూ నరాలూ అక్కర్లేదు. లేపాక్షి గుడిలోని కిరాతార్జునీయ చిత్రమూ అంతే. అక్కడి శివార్జునుల ఒంటిమీద వెలుగునీడలు కనపడవు, అంతా గీతే చెబుతుంది. చిత్రకారుడు రాజా రవివర్మ (1848–1906) పట్టిన దారి వేరు. ఐరోపా అకాడెమీల పద్ధతిలో వెలుగు ఒక పక్కనుంచి పడుతుంది, తడి ఆరని రంగులో నీడ మెల్లగా కలిసిపోతుంది, ఒంటికి బరువొస్తుంది. బరువున్న ఆ ఒళ్లు ఊరికే నిలబడితే వేషం కట్టిన మనిషిలాగే ఉంటుంది. కథ దానికో పని అప్పగించినప్పుడే అది పురాణపురుషుడిది అవుతుందని నేను నమ్ముతున్నాను.

రవివర్మ గీసిన గంగావతరణంలో శివుడు కాళ్లు ఎడంగా పెట్టి, తల పైకెత్తి నిలబడ్డాడు. పక్కన నందిని ఆనుకుని పార్వతి, మరోవైపు భగీరథుడు. ఆకాశం నుంచి దూకబోయే గంగను తలమీద మోయాలి కాబట్టే ఆ పాదాలు నేలను అంత గట్టిగా పట్టుకున్నాయి. శివుడి మహిమ అక్కడ ఆ నిలబడ్డ తీరులోనే ఉంది. సముద్రుడి మీద విల్లెక్కుపెట్టిన రాముడూ అంతే. విసిగి వేసారిన కోపం ఆ భుజాల బిగువులో తెలుస్తుంది. జటాయువు రెక్క నరికే రావణుడి చేతికైతే వేరే వివరణే అక్కర్లేదు.

ఇవి నాటకాల భంగిమలనీ, వీటిలో భారతీయ భావన లేదనీ కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామి తప్పుపట్టాడు. కొన్ని చిత్రాల విషయంలో ఆయన మాట ఒప్పుకోవాల్సిందే. శాంతంగా కూర్చున్న దేవుణ్ణి నూనెరంగుల కన్నా గీతే బాగా పట్టుకుంటుంది, బాపు గీసిన రాముడే అందుకు సాక్ష్యం. కానీ నాటకీయత ఉన్నంత మాత్రాన అది పరాయిదైపోదు. యక్షగానంలో, తోలుబొమ్మలాటలో వీరుణ్ణి ఒంటి ఊపుతోనే గుర్తుపట్టిన జనం మనవాళ్లు. 1894లో రవివర్మ పెట్టిన అచ్చుకూటం నుంచి బొమ్మలు ఇళ్లకు చేరినప్పుడు, జనం వాటికి పటం కట్టి పసుపుకుంకుమలు పెట్టారు. దేవుడికి మనిషి ఒళ్లు ఇస్తే భక్తి తగ్గుతుందన్న భయానికి ఆ పూజే జవాబు.