ప్లాస్టిక్ బొమ్మపై ఉబ్బెత్తు గుర్తుల తొలగింపు

సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రి ఆలయ స్తంభాలను మన తిరుమలగిరి విద్యార్థులలో అనేకులు చూచే ఉంటారు. కాకతీయుల కాలపు ఆ ఉబ్బెత్తు శిల్పాలు రాతికి అతికించినవి కావు; రాతిలో భాగాలే. ప్లాస్టిక్ బొమ్మ నిర్మాణమూ ఇటువంటిదే. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోహపు అచ్చులోనికి పంపినప్పుడు సైనికుని దేహం, గుండీలు, పతకాలు, నడికట్టు అన్నీ ఏకఖండంగా గట్టిపడతాయి. కొండపల్లి బొమ్మ సంగతి వేరు. అక్కడ పొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చేసి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు.

కనుక ప్రదర్శన కొరకు సైనికుని రైతుగా మార్చదలచిన విద్యార్థి (సైనికునికి ఇంతకన్న మంచి పదోన్నతి ఏముంటుంది!) పతకాన్ని ఊడదీయలేడు, చెక్కివేయవలసిందే. అసలు కష్టం పతకాన్ని తీయడంలో లేదు. దాని క్రింద అచ్చులో ఎన్నడూ లేని ఛాతీ వంపును కొత్తగా కల్పించడంలో ఉంది.

ముందు ప్లాస్టిక్ జాతిని గుర్తించాలి. వంచితే వంగే మెత్తని బొమ్మ సాధారణంగా పాలిథిన్. దానిని గరుకు కాగితంతో రుద్దితే నూగు లేస్తుంది; పదునైన బ్లేడు ఒక్కటే శరణ్యం. అతికించి కట్టే మోడళ్లు ఎక్కువగా పాలీస్టైరీన్‌తో చేసినవి. ఇది గట్టిది, చక్కగా అరుగుతుంది. అయితే సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది కనుక వేగంగా రుద్దరాదు.

గుర్తును ఒక్క వేటున కోయరాదు. పలుచని పొరలుగా, చేతి వ్రేళ్లకు దూరంగా చాకును నడుపుతూ, వెంట్రుకవాసి ఎత్తు మిగిలి ఉండగానే ఆపాలి. తరువాత బ్లేడును నిలువుగా పట్టి గీకాలి. ఈ వ్యాసకర్త తొలి ప్రయత్నంలో ఆ వెంట్రుకవాసిని కూడ చాకుతోనే తీయబోగా రైతు ఛాతీ సొట్టపడింది. దానిని లప్పంతో పూడ్చి, ఆరిన పిమ్మట మరల అరగదీయవలసి వచ్చింది. పోయిన ప్లాస్టిక్ తిరిగి రాదు.

గీకిన చోటును నీటిలో తడిపిన గరుకు కాగితంతో, మొదట 400, పిదప 600 నంబరుతో, వంపును అనుసరించి రుద్దాలి. నీరు వేడిని తగ్గిస్తుంది, పొడిని గాలిలోనికి లేవనీయదు. ప్రక్కనున్న గుండీలు అరిగిపోకుండ వాటిపై టేపు అంటించుకోవాలి. నునుపు చూచి మోసపోరాదు. పలుచగా బూడిదరంగు పూసి, ఆరిన పిదప దీపపు వెలుగులో ప్రక్కనుండి చూస్తే మిగిలిన గీతలన్నీ బయటపడతాయి.