బంగారు బాకాల బడి

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో పికాసో, మతీస్‌ల సరసన ఒక పెద్ద కాన్వాసు ఉంది. పేరు ‘అమెరికా-8’. దూరం నుంచి చూస్తే బంగారు తీగలేవో చిక్కుపడి పాకినట్టుంటుంది. నాలుగడుగులు ముందుకేస్తే అవి బాకాలని తెలుస్తుంది. కొన్ని జంతువుల్లా ఉంటాయి, కొన్ని మనిషి ఒంట్లోని భాగాల్లా, మరికొన్ని దేనితోనూ పోల్చలేనట్టు మెలికలు తిరిగి ఉంటాయి. ఇంకా దగ్గరికెళ్తే వాటి వెనక అచ్చు అక్షరాలు! ఫ్రాంజ్ కాఫ్కా నవల పేజీలను విడదీసి, వరసగా అంటించిన కాన్వాసు అది. గీసింది పేరుమోసిన చిత్రకారులు కాదు. బడి చదువైనా గట్టెక్కుతారన్న ఆశ ఎవరికీ లేని పిల్లలూ, వాళ్ల టీచరూ.

ఆ టీచరు టిమ్ రోలిన్స్. 1981 ఆగస్టులో న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్ పేటలో ఉన్న ఇంటర్మీడియట్ స్కూల్-52 ప్రిన్సిపాల్ జార్జ్ గాలెగో పిలిస్తే వచ్చేనాటికి అతనికి 26 ఏళ్లు. మెయిన్ రాష్ట్రం నుంచి న్యూయార్క్ నగరానికి వచ్చి కళ చదువుకున్నాడు. తోటి కళాకారులతో కలిసి అప్పటికే ‘గ్రూప్ మెటీరియల్’ అనే బృందం పెట్టాడు. బళ్లో అతనికి అప్పగించినవి ‘ప్రత్యేక’ తరగతులు. చదవడం, రాయడం సరిగా రానివాళ్లు, కుదురుగా కూర్చోలేనివాళ్లు, తక్కిన టీచర్లు చేతులెత్తేసినవాళ్లు అక్కడ ఉంటారు.

ఆ పేట సంగతీ చెప్పుకోవాలి. 1970లలో సౌత్ బ్రాంక్స్ వీధులకు వీధులే తగలబడ్డాయి. అద్దెలు గిట్టుబాటు కాక, బీమా డబ్బు కోసం సొంత భవనాలకు నిప్పు పెట్టించిన యజమానులున్నారు. 1977లో దేశాధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వచ్చి షార్లట్ వీధిలోని శిథిలాల మధ్య నిలబడి చూసి వెళ్లాడు. ప్యూర్టో రికో, డొమినికన్ రిపబ్లిక్‌ల నుంచి వలస వచ్చిన ఎన్నో కుటుంబాల పిల్లలు పెరిగింది ఈ మొండిగోడల మధ్యే. మొదటి రోజే రోలిన్స్ వాళ్లతో ఒక మాట అన్నాడు: ఇవాళ మనం కళను సృష్టిస్తాం, దాంతోపాటు చరిత్రనూ సృష్టిస్తాం. కొత్త మాస్టారి ప్రగల్భాల కింద కొట్టిపారేయదగ్గ మాటే. కానీ ఆ పిల్లల్ని పట్టుకుని అంత పెద్ద మాట అన్నవాళ్లు అంతకుముందు లేరు.

పద్ధతి చాలా సులువు. రోలిన్స్ పుస్తకం పైకి చదువుతుంటాడు. పిల్లలు వింటూ గీస్తుంటారు. చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా పిల్లలకు కూడా చెవి పనిచేస్తుంది, చెయ్యి పనిచేస్తుంది. పుస్తకం పేజీల మీదే గీయడం ఎలా మొదలైందన్న దానికి ఒక కథ ప్రచారంలో ఉంది. జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవల ప్రతి మీద ఓ కుర్రాడు బొమ్మలు గీసేశాడట. చూడగానే టీచరుకు ఒళ్లు మండింది. కాస్సేపటికి అది బాగుందనిపించింది. ఆ తర్వాత పుస్తకం పేజీలు చింపి వాటి మీద గీయడం తప్పు కాకుండా పోయింది. అదే వాళ్ల శైలి అయింది. 1984లో బడి గంటల తర్వాత నడిచే ‘ఆర్ట్ అండ్ నాలెడ్జ్ వర్క్‌షాప్’ మొదలైంది. పిల్లలు తమ బృందానికి ‘కిడ్స్ ఆఫ్ సర్వైవల్’ అని పేరు పెట్టుకున్నారు. పొట్టిగా కె.ఓ.ఎస్.

ఇక మొదట చెప్పిన కాన్వాసు మీదున్న నవల సంగతి. కాఫ్కా ‘అమెరికా’ రాశాడు గానీ అమెరికా ఎన్నడూ చూడలేదు. అతని నవలలో స్వేచ్ఛా ప్రతిమ చేతిలో దివిటీకి బదులు కత్తి ఉంటుంది. అతను పూర్తిచేయకుండా వదిలేసిన ఆ పుస్తకం చివర్లో ఓక్లహామా నాటకశాల ఒకటి వస్తుంది. అందరికీ పని ఇస్తామని ప్రకటన వేస్తారు. గుమ్మం దగ్గర దేవదూతల వేషాల్లో స్త్రీలు బాకాలు ఊదుతుంటారు, ఎవరి పాట వాళ్లదే. వలస వచ్చిన కుర్రాడు కార్ల్ రాస్‌మన్ ఆ గోల మధ్యలోంచి లోపలికి నడుస్తాడు. రోలిన్స్ అక్కడ పుస్తకం ఆపి పిల్లల్ని అడిగాడు: నువ్వే ఒక బంగారు వాద్యానివైతే, నీ స్వేచ్ఛనూ నీ గౌరవాన్నీ దాంట్లో ఊదగలిగితే, అది ఎలా ఉంటుంది?

ఒక్కొక్కరూ లెక్కలేనన్ని గీశారు. గీసినవన్నీ కాన్వాసుకు ఎక్కవు. బల్ల మీద పరిచి, వాదులాడుకుని, కొన్నిటిని ఏరేవారు. ఎంచుకున్నవాటిని పెద్దవి చేసి, నవల పేజీల మీద దించి, రంగు వేసేవారు. ఒక్కో చిత్రానికి నెలల తరబడి పట్టేది. ‘అమెరికా’ వరస 1984లో మొదలై 1989 దాకా సాగింది.

పిల్లల కళ అనగానే ‘ఎంత ముద్దుగా గీశారో’ అని మెచ్చుకుని ఊరుకోవడం మనకు అలవాటు. మన బళ్లలో డ్రాయింగ్ పీరియడ్ అంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. పరీక్షలు దగ్గరపడితే ఆ గంటా లెక్కల మాస్టారి ఖాతాలోకే. రోలిన్స్ వర్క్‌షాప్‌లో ముద్దు చేయడం లేదు. బాగోలేనిది బాగోలేదనేవారు, మళ్లీ గీయమనేవారు. అయితే ఉన్నది ఉన్నట్టు గీయడం రాకపోయినా ఇబ్బంది లేదు. సమకాలీన కళకు ఉన్న ఈ వెసులుబాటే వాళ్లను కాపాడింది. ఆపిల్ పండు అచ్చం ఆపిల్‌లా రాకపోతే తప్పు అనే కళలో ఆ పిల్లలు మొదటి వారమే ఓడిపోయేవారు. ఇక్కడ అడిగింది ఆలోచన, ఎంపిక, ఓర్పు.

స్టీఫెన్ క్రేన్ యుద్ధ నవల ‘ద రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్’ చదివినప్పుడు అడిగింది గాయం గురించి. పిల్లలు వేసిన గాయాలు ఏవో గ్రహాల్లా రంగురంగుల వలయాలుగా పేజీల మీద తేలాయి. మాల్కం ఎక్స్ ఆత్మకథ మీద ఎం, ఎక్స్ అక్షరాలు నిలిచాయి. రాల్ఫ్ ఎలిసన్ ‘ఇన్విజిబుల్ మ్యాన్’ పేజీల మీద ఐ, ఎం అనే రెండు అక్షరాలే ఉంటాయి. అవి పుస్తకం పేరులోని మొదటి అక్షరాలు. కలిపి ‘ఐయామ్’ అని చదివితే ‘నేను ఉన్నాను’.

పేరు త్వరగానే వచ్చింది. 1985లో విట్నీ మ్యూజియం బియెన్నియల్ ప్రదర్శన, 1987లో జర్మనీలో డాక్యుమెంటా ప్రదర్శన, 1988లో వెనిస్ బియెన్నాలే. బ్రాంక్స్ దాటి పెద్దగా ఎరగని పిల్లల పని కళాలోకం పెద్ద వేదికలన్నీ చూసొచ్చింది. దాని వెనకే నింద కూడా వచ్చింది. 1991లో న్యూయార్క్ పత్రిక ఒకటి రోలిన్స్ తీరును తప్పుపడుతూ సుదీర్ఘ కథనం వేసింది. తెల్లజాతి టీచరు, నల్లని, గోధుమరంగు పిల్లలు, లక్షలు పలికే కాన్వాసులు. సొమ్ము ఎవరిది, ఆలోచన ఎవరిది, ముందు పేరు ఎవరిది? యూరప్ గొప్ప పుస్తకాలనే ఎందుకు ఎత్తుకుంటున్నారని అడిగినవాళ్లూ ఉన్నారు. ఇవి అసూయతో అడిగినవని తోసిపుచ్చడం న్యాయం కాదు. టీచరు పేరు విడిగా, పిల్లలంతా కె.ఓ.ఎస్. అనే మూడక్షరాల్లో ఉండటం ఇప్పుడు చూసినా కంట్లో నలుసే.

కళ అన్నీ చక్కబెట్టిందనీ చెప్పలేం. 1993లో బృందంలోని ఒక కుర్రాడు బ్రాంక్స్‌లో తుపాకీ కాల్పులకు బలయ్యాడు. మధ్యలో విడిచి వెళ్లినవాళ్లున్నారు. డేనియల్ గెల్లర్, డేనా గోల్డ్‌ఫైన్ 1996లో తీసిన డాక్యుమెంటరీ ఈ గొడవల్నీ దాచకుండా చూపిస్తుంది. కొత్తగా టీచర్లయ్యేవాళ్లు రోలిన్స్‌ను పొగిడే వ్యాసాలు పది చదివేకంటే ఈ ఒక్క సినిమా చూడటం మేలు.

నిలబడినవాళ్లు మాత్రం గట్టిగానే నిలబడ్డారు. ఏంజెల్ అబ్రూ ఆ వర్క్‌షాప్‌లో చేరింది చిన్నతనంలోనే. పెద్దయ్యాక న్యూయార్క్‌లోని స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో అధ్యాపకుడయ్యాడు. రోలిన్స్ చదువుకున్నదీ అక్కడే. 2017 డిసెంబరులో 62 ఏళ్ల వయసులో రోలిన్స్ పోయాడు. అబ్రూ, రిక్ సావినాన్, రాబర్ట్ బ్రాంచ్ తదితర పాత విద్యార్థులు ‘స్టూడియో కె.ఓ.ఎస్.’ పేరుతో పని కొనసాగిస్తున్నారు. పుస్తకం ఎంచుకోవడం, కొత్త పిల్లలను కూర్చోబెట్టి చదవడం, గీసినవాటిలోంచి ఏరడం, అంతా వాళ్లదే. ఆలోచన ఎవరిదన్న 1991 నాటి ప్రశ్నకు సగం జవాబు అక్కడ దొరుకుతోంది. సొమ్ము సంగతి మీద మాత్రం వాదన ఇంకా తెగలేదు.