గేర్ బాక్సులో ఆయిలు ఎప్పుడు మార్చారు?

మిర్చి కోతల కాలంలో ఒకనాడు మేము బంధువుల కల్లం చూడడానికి సత్తెనపల్లి వైపు కారులో వెళ్లాము. ముందురోజు పడిన అకాల వర్షానికి నల్లరేగడి బంకలా మారి ఉన్నది. కల్లం ఇంకా పది గజాల దూరంలో ఉండగానే కారు ముందు చక్రాలు దిగబడ్డాయి. మాది ఆటోమేటిక్ గేర్ల కారు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు గేరు మారుస్తూ, యాక్సిలరేటరు అదుముతూ అరగంటసేపు పెనుగులాడాము. చివరకు డాష్ బోర్డుపై గేర్ బాక్సు హెచ్చరిక దీపం వెలిగింది. భయపడి ఇంజను ఆపివేశాము. ట్రాక్టరుకు గొలుసు కట్టి, నాలుగు చక్రాలూ నేలపైనే దొర్లుతుండగా, ఊళ్లోకి మూడు కిలోమీటర్లు లాగించాము. చల్లారాక కారు మామూలుగానే నడిచింది. మేము సంతోషించాము.

రెండు నెలలకు గేర్లు జారడం మొదలైంది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తుంది గాని బండి వేగం అందుకోదు. గుంటూరు ఆటోనగర్‌లో ఆటోమేటిక్ గేర్ బాక్సులు విప్పే మెకానిక్ ఒకరు డ్రెయిన్ బోల్టు విప్పి, కారిన ఆయిలును తెల్లని గుడ్డపై రెండు చుక్కలు వేసి మాకు చూపించారు. ఎర్రగా ఉండవలసినది నల్లగా, మాడిన వాసనతో ఉన్నది. ఆయన వేసిన మొదటి ప్రశ్న, “ఇది ఎప్పుడు మార్చారు భాయ్?” అని. మా వద్ద సమాధానం లేదు. కారు కొన్నప్పుడు 52 వేల కిలోమీటర్లు తిరిగి ఉన్నది. అప్పటికి 84 వేలు దాటింది. మొదటి యజమాని మార్చలేదు, మేమూ మార్చలేదు. సర్వీసు కేంద్రంలో ఒకసారి అడిగితే, ఇది జీవితకాలపు ఆయిలు, ముట్టనవసరం లేదని చెప్పి పంపారు. బాగుచేయడానికి లక్షన్నర రూపాయలు అవుతుందన్నారు. మధ్యతరగతి కుటుంబానికి అది ఒక పెళ్లిఖర్చులో సగం.

ఈ కారు మేము మోజుతో కొన్నది కాదు. మోకాళ్ల నొప్పులతో క్లచ్చి తొక్కలేని అబ్బాజాన్ కోసం, బడికి పిల్లలను దించే మా చెల్లెలి కోసం కొన్నాము. మన జిల్లాలలో అనేక ఇళ్లలోకి ఆటోమేటిక్ కారు ఇదే దారిన వస్తున్నది. 2014లో మారుతి సెలెరియో తక్కువ ధరలో క్లచ్చి పెడలు లేని కారును మన దేశంలో పరిచయం చేసిన తరువాత ఈ సౌకర్యం సామాన్యులకు అందింది. సౌకర్యం అందినంత త్వరగా దాని సంరక్షణ జ్ఞానం మాత్రం అందలేదు.

ముందుగా మీ కారులో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలి. సెలెరియో వంటి వాటిలోని ఏఎంటీ నిజానికి పాత గేర్ బాక్సే. అదే క్లచ్చి ప్లేటు, అవే గేర్లు. మన కాలు, చేయి చేసే పనిని యంత్రం చేస్తుంది, అంతే. కనుక దీనిలో అరిగేది క్లచ్చి ప్లేటు. సీవీటీలో గేర్లకు బదులు రెండు కప్పీల నడుమ ఉక్కు బెల్టు ఉంటుంది. డ్యూయల్ క్లచ్ రకంలో రెండు క్లచ్చిలు వంతులవారీగా పనిచేస్తాయి. మాది నాలుగవ రకం, టార్క్ కన్వర్టరు. ఆయిలు నిండిన గుండ్రని పాత్రలో ఇంజను తిప్పే పంకా ఒకటి, దాని ఎదుట గేర్ల వైపు పంకా మరొకటి ఉంటాయి. మొదటిది ఆయిలును విసిరితే ఆ తాకిడికి రెండవది తిరుగుతుంది. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో అమెరికాలో పెద్దయెత్తున మొదలైన ఆటోమేటిక్ గేర్ బాక్సులోనూ బలాన్ని మోసింది ఆయిలే.

ఇక్కడ ఆయిలు కేవలం జిడ్డు కోసం కాదు. బలాన్ని అందించేది అదే, క్లచ్చి ప్లేట్లను ఒత్తిపట్టేది అదే, వేడిని మోసుకుపోయేది కూడా అదే. బురదలో చక్రాలు తిరుగుతూ బండి కదలనప్పుడు ఇంజను బలంలో కొంత ఆ ఆయిలులోనే వేడిగా మారుతుంది. మేము అరగంటసేపు చేసినది ఆయిలును కాచడమే. లాగించడంలో తప్పు వేరు. ఆయిలును పారించే పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగి, చక్రాలు మాత్రం తిరుగుతుంటే, లోపలి భాగాలు ఆయిలు అందక పొడిగా రాసుకుంటాయి. దిగబడిన కారును కొద్ది గజాలు గట్టుకు లాగడం తప్పనిసరి కావచ్చు. ఆపైన లారీ మీద ఎక్కించి తీసుకుపోవాలి, లేదా ముందు చక్రాలతో నడిచే కారైతే ఆ ముందు చక్రాలనైనా పైకెత్తాలి. బ్యాటరీ దిగిపోతే తోసి స్టార్టు చేద్దామన్న మన పాత అలవాటు కూడా ఈ బండ్లకు పనికిరాదు.

ఇక జీవితకాలపు ఆయిలు అన్న మాట. ఎవరి జీవితకాలం? పేరుమోసిన జర్మన్ గేర్ బాక్సుల తయారీ సంస్థ జడ్ఎఫ్, తన ఆటోమేటిక్ గేర్ బాక్సులలో ఆయిలును 80 వేల నుండి 1,20,000 కిలోమీటర్లలోపు, లేదా ఎనిమిదేళ్లకు మార్చాలని సూచించింది. ఆ గేర్ బాక్సులనే అమర్చిన కొన్ని కార్ల కంపెనీలు మాత్రం మార్చనక్కరలేదని చెబుతూ వచ్చాయి. మీ కారు యజమాని పుస్తకంలో సర్వీసు పట్టిక క్రింద, కఠిన పరిస్థితులలో నడిపేవారికి వేరుగా గడువులు ఇచ్చారేమో చూడండి. తీవ్రమైన వేడి, దుమ్ము, ఆగి ఆగి సాగే రద్దీ, బరువులు లాగడం వాటిలో లెక్క. రెంటచింతలలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో మిర్చి యార్డుకు బస్తాల బండ్లు బారులు తీరినప్పుడు గుంటూరు రోడ్లపై కారు నడిచే తీరూ తెలిసినదే. మన మైదానంలో కఠిన పరిస్థితి అంటే మామూలు పరిస్థితే. మా మెకానిక్ సలహా 40 వేల కిలోమీటర్లు. ఆయిలు రకం మాత్రం పుస్తకంలో చెప్పినదే ఉండాలి. సీవీటీలో వేరొక రకం పోస్తే బెల్టు జారిపోగలదు. ఒక్కసారి దింపితే పాత ఆయిలు మొత్తం రాదు, కన్వర్టరులో చాలాభాగం మిగిలిపోతుంది. అందుకే కొందరు కొంత దూరం నడిపి మరొకసారి మారుస్తారు.

రేడియేటరును కూడా మరువరాదు. చాలా కార్లలో గేర్ బాక్సు ఆయిలు చల్లబడేది అక్కడే. పత్తి లారీల వెంట ప్రయాణించి వచ్చిన మా కారు ముందు జాలీలో వేలెడు మందాన నూగు, దుమ్ము పేరుకుని ఉండడం మేమే చూశాము.

నడిపే తీరులో పెద్ద రహస్యాలు లేవు. బండి పూర్తిగా ఆగనిదే రివర్సు గాని, పార్కింగు గాని వేయకూడదు. వాలులో నిలిపేటప్పుడు ముందు హ్యాండ్ బ్రేకు, ఆ తరువాతనే పార్కింగు. లేకపోతే బండి బరువంతా గేర్ బాక్సులోని ఒక చిన్న ఇనుప కొక్కెంపై పడుతుంది. దోర్నాల ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం ప్రాణాలకే ముప్పు. తక్కువ గేరులో దిగాలి. ఏఎంటీ ఉన్నవారు రద్దీలో అంగుళం అంగుళం జరపకుండా, ముందు కాస్త ఖాళీ ఏర్పడ్డాక కదిలితే క్లచ్చి ఎక్కువకాలం మన్నుతుంది.

తప్పంతా నడిపేవారిదే అని మా ఉద్దేశం కాదు. ఆస్ట్రేలియాలో ఫోర్డు కార్ల డ్యూయల్ క్లచ్ గేర్ బాక్సులు అదురుతున్నాయని కొన్నవారు మొత్తుకుంటే, మీరు నడిపే తీరే అంత అని కొందరికి చెప్పి పంపారు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆ సంస్థకు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. మన అనుమానాన్ని కాగితంపై వ్రాయించి, జాబ్ కార్డు నకలు దాచుకోవడం ఇందుకే అవసరం.

లక్షన్నర మాట విన్న రోజు రాత్రి మా ఇంట్లో మరొక చర్చ జరిగింది. “కొత్త ఆయిలు పోయించి అమ్మేద్దాం బావా. ప్రొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా చూపిస్తే ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు మా బావమరిది. అతడు చెప్పింది నిజమే. గేర్లు జారడం మా కారులో వేడెక్కాకే కనబడేది. మేమూ ఆ రాత్రి ఆ లెక్క వేసుకున్నాము, దాచడం ఎందుకు! అబ్బాజాన్ అంతవరకు మాట్లాడలేదు. అప్పుడు మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలోకి చేయి జొనిపి, అడుగున తడిని పట్టుకున్న ఉదంతాన్ని గుర్తుచేశారు. “తడిపిన మిర్చి బస్తాలో చేయిపెట్టిన బేరగాడికైనా తేమ తెలుస్తుందిరా. ఈ పెట్టెలో చేయి పెట్టేవాడెవడు? కొనేవాడు కూడా మనలాగే నాలుగేళ్లు దాచుకుని వస్తాడు” అన్నారు. బావమరిది మరి మాట్లాడలేదు. మర్నాడు చెల్లెలి చిట్టీ పాడి డబ్బు తెచ్చాము.

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొనే పాఠకులు మా బావమరిది ఆలోచనను తిరగవేసి వాడుకోవచ్చు. అమ్మే మనిషి ఇంజను ముందే వేడిచేసి ఉంచాడా, చల్లగా ఉన్నదా గమనించండి. చల్లగా ఒకసారి, అరగంట నడిపి వేడెక్కాక మరొకసారి చూడండి. బ్రేకు పట్టి డ్రైవ్‌లోకి, రివర్సులోకి మార్చినప్పుడు పెద్ద కుదుపు గాని, రెండు క్షణాల ఆలస్యం గాని ఉండరాదు. ఆయిలు మార్చిన బిల్లు అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలలో కార్లు రోజుల తరబడి నీటిలో నిలిచాయి. గేర్ బాక్సుకు గాలి ఆడే సన్నని గొట్టం ఉంటుంది. దాని గుండా నీరు దిగితే క్లచ్చి ప్లేట్లపై అంటించిన పొర ఊడివస్తుంది. ఆయిలు పాలు కలిసినట్లు కనబడితే ఆ కారు వద్దు. సీటు బెల్టును చివరి వరకూ లాగి బురద చారల కోసం కూడా చూడండి.

మా కారు పన్నెండు రోజులకు ఇంటికి వచ్చింది. మెకానిక్ మాడిన క్లచ్చి ప్లేట్లను ఒక సంచిలో వేసి ఇచ్చారు. అవి ఇంకా మా డిక్కీలోనే ఉన్నాయి. డ్యాష్ బోర్డు అర లోపల చెల్లెలు ఒక కాగితం అంటించింది. దానిపై ఆయిలు పేరు, తేదీ, 84,300 అన్న అంకె, దాని క్రింద ఎర్ర సిరాతో 1,24,300 అని వ్రాసి ఉన్నాయి.