ఎగరక ముందు: మోడల్ విమానంలో నియంత్రణ తలాల పరీక్ష

సూరత్ నుంచి బార్డోలీ వైపు వెళ్తుంటే దారిలో పల్సానా వస్తుంది. ఒక పక్క బట్టలకు రంగులద్దే మిల్లుల పొగగొట్టాలు, మరో పక్క చెరకు తోటలు. చెరకు కొట్టిన తర్వాత కొన్నాళ్లపాటు ఆ పొలాలు ఖాళీగా, చదునుగా ఉంటాయి. రైతు అనుమతిస్తే, రిమోట్‌తో నడిచే మోడల్ విమానాన్ని ఎగరవేయాలనుకునే విద్యార్థికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. మగ్గం పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన కుటుంబాల పిల్లలకు కూడా ఈ సరదా అందుబాటులోనే ఉంది.

అయితే ఆ పొలం పక్క పొలంలో మనుషులు చెరకు కొడుతూ ఉండవచ్చు. 2 కిలోల మోడల్ సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతూ ఉంటే దాని గతిజ శక్తి ఎంతో లెక్క వేయండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే 400 జౌళ్లు వస్తుంది. 20 కిలోల బియ్యం బస్తా 2 మీటర్ల ఎత్తు నుంచి పడినంత దెబ్బ అన్నమాట. పైగా ముందు భాగంలో తిరుగుతున్న ప్రొపెల్లర్ ఉంటుంది. కాబట్టి దీన్ని బొమ్మ అనడానికి నాకు మనసొప్పదు.

విమానాన్ని అదుపు చేసే తలాలు ముఖ్యంగా మూడు రకాలు. రెక్కల వెనక అంచున ఉండేవి ఎయిలరాన్లు, అడ్డ తోకకు ఉండేది ఎలివేటర్, నిలువు తోకకు ఉండేది రడ్డర్. ఒక్కొక్కదాన్ని సర్వో అనే చిన్న మోటారు ఒక సన్నని కడ్డీ ద్వారా కదిలిస్తుంది. రిసీవర్ నుంచి సర్వోకు సాధారణంగా సెకనుకు 50 సార్లు విద్యుత్ స్పందనలు అందుతాయి. స్పందన నిడివి సుమారు 1.5 మిల్లీసెకన్లుంటే సర్వో మధ్యలో నిలుస్తుంది. అది 1 వైపు తగ్గితే ఒక పక్కకు, 2 వైపు పెరిగితే మరో పక్కకు తిరుగుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో ఒక్క మీట మార్చితే చాలు, ఈ రెండు పక్కలూ తారుమారవుతాయి. ఈ సౌకర్యంలోనే ప్రమాదమూ ఉంది.

ఎగరవేసే ముందు చాలామంది స్టిక్‌ను అటూ ఇటూ తిప్పి, తలాలు కదిలాయి కదా అని తృప్తిపడతారు. కదలడం వేరు, కదలవలసిన వైపుకు కదలడం వేరు. కన్ను కదలికను వెంటనే పట్టుకుంటుంది, దిశను మాత్రం పనిగట్టుకుని చూస్తే తప్ప పట్టుకోదు. పడుగులో ఒక పోగు తెగినా మగ్గం ఆడుతూనే ఉంటుందనీ, గుడ్డలో గీత పడ్డాకే లోపం బయటపడుతుందనీ నేతపని తెలిసిన ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. మగ్గాన్ని ఆపి పోగు అతుక్కోవచ్చు. గాలిలో ఉన్న విమానాన్ని ఆపలేం.

ఇది పిల్లల సమస్య మాత్రమే అనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు పొందిన లాంకాస్టర్ బాంబర్‌ను రూపొందించిన ఇంజనీరు రాయ్ చాడ్విక్. 1947 ఆగస్టు 23న ఇంగ్లాండ్‌లోని వుడ్‌ఫర్డ్‌లో ఆవ్రో ట్యూడర్ విమానం పైకి లేస్తూనే కూలిపోయింది. ఎయిలరాన్ల తీగలను తారుమారుగా బిగించడమే దానికి కారణం. ఆ ప్రమాదంలో చాడ్విక్ కూడా మరణించారు. అప్పటికీ ఇప్పటికీ యంత్రాలు ఎంతో మారాయి. అయినా 2018 నవంబరు 11న పోర్చుగల్‌లో ఎయిర్ అస్తానా సంస్థ ఎంబ్రాయర్ 190 విమానం మరమ్మతు ముగించుకుని బయలుదేరినప్పుడు అందులోనూ ఎయిలరాన్ల తీగలు తారుమారుగానే ఉన్నాయి. బయలుదేరే ముందు చేసిన పరీక్షలో పైలట్లు దాన్ని గుర్తించలేకపోయారు. చాలాసేపు పోరాడి చివరకు బేజా అనే చోట విమానాన్ని దించగలిగారు. లోపలున్న ఆరుగురూ బతికారు.

మోడల్‌లో ఈ తారుమారు ఎలా జరుగుతుంది? ఇప్పటి ట్రాన్స్‌మిటర్ పది ఇరవై మోడళ్ల అమరికలను గుర్తుంచుకుంటుంది. పొరపాటున వేరే మోడల్ పేరు ఎంపికై ఉంటే దిశలన్నీ ఆ మోడల్‌వే వస్తాయి. అందువల్ల తెర మీద పేరు చదవడం మొదటి పని. ఇక రెండో కారణం. బైకు మీద తీసుకెళ్లడానికి రెక్కను ఊడదీసి, పొలంలో మళ్లీ బిగిస్తాం. రెండు ఎయిలరాన్లకు విడివిడి ప్లగ్గులుంటే అవి ఒకదాని చోట మరొకటి చేరవచ్చు. సర్వో పాడై కొత్తది వేసినప్పుడు కూడా ఇదే భయం. అది వ్యతిరేక దిశలో తిరిగే రకమైతే చెప్పనక్కర లేదు.

పరీక్షకు దిగే ముందు థ్రాటిల్ పూర్తిగా కిందికి ఉందో లేదో చూడండి. మొదట ట్రాన్స్‌మిటర్, తర్వాతే విమానంలోని బ్యాటరీ. మోడల్‌ను ఒకరు గట్టిగా పట్టుకోవాలి, ప్రొపెల్లర్‌కు ఎదురుగానూ పక్కగానూ ఎవరూ ఉండకూడదు. మీరు తప్పనిసరిగా విమానం వెనక, దాని ముక్కు ఏ వైపు ఉందో ఆ వైపే చూస్తూ నిలబడాలి. ఈ నియమాన్ని ఎన్నిసార్లయినా చెబుతాను. ముక్కు మీ వైపు తిరిగి ఉంటే దాని కుడి మీకు ఎడమవుతుంది, అక్కడే మనసు తికమక పడుతుంది.

ఇప్పుడు స్టిక్‌ను కుడికి వంచండి. కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. కారణం తెలిస్తే ఇది మరిచిపోవడం కష్టం. పైకి లేచిన ఎయిలరాన్ ఆ రెక్కను పైకెత్తే బలాన్ని తగ్గిస్తుంది, దాంతో ఆ రెక్క కిందికి వాలుతుంది. రెండో రెక్కలో ఆ బలం పెరుగుతుంది. విమానం కుడికి ఒరుగుతుంది. స్టిక్ ఎటు వంగిందో అటు ఎయిలరాన్ లేవాలి, గుర్తు ఇంతే. స్టిక్‌ను మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. అప్పుడు గాలి తోకను కిందికి నొక్కుతుంది, ముక్కు లేస్తుంది. రడ్డర్ స్టిక్ కుడికైతే రడ్డర్ వెనక అంచు కూడా కుడికే. ఒక్కొక్కటీ చేస్తూ “కుడి, పైకి” అని పైకి వినబడేలా అనండి. నోరు పలికితే కన్ను చూడక తప్పదు. పక్కన స్నేహితుడుంటే అతడూ అనాలి. సిగ్గుపడవలసిందేమీ లేదు.

దిశ సరిపోయాక బిగువు చూడాలి. ప్రతి తలాన్నీ రెండు వేళ్లతో మెల్లగా పట్టుకుని కదపండి. సర్వో కదలకుండానే తలం లటపట ఆడితే ఆ వదులు వేగంలో కంపనంగా మారి తలాన్ని ఊడగొట్టగలదు. కీళ్లను కాస్త లాగి చూడండి. స్టిక్‌ను చివరి వరకు తోసినప్పుడు సర్వో గుయ్యిమంటూ ఉంటే కడ్డీ ఎక్కడో తగులుతోందని అర్థం.

ఈ మధ్య చాలా మోడళ్లలో గాలి కుదుపులను సరిదిద్దే గైరో వస్తోంది. దీనికి వేరే పరీక్ష కావాలి, ఎందుకంటే స్టిక్ దిశ సరిగ్గా ఉండి గైరో దిశ మాత్రం తప్పు కావచ్చు. స్టిక్‌ను ముట్టుకోకుండా మోడల్‌ను చేత్తో కుడి పక్కకు చటుక్కున ఒరగనివ్వండి. కుడి ఎయిలరాన్ ఈసారి కిందికి దిగాలి, వాలిన రెక్కను అది తిరిగి లేపాలి కదా! ముక్కును కిందికి వంచితే ఎలివేటర్ పైకి లేవాలి. ఇది తిరగబడి ఉంటే ప్రతి చిన్న కుదుపునూ గైరో పెద్దది చేస్తుంది, చేతులు ఎంత నేర్పుగా ఉన్నా ఆపలేవు.

మిగిలినవి రెండు. ట్రాన్స్‌మిటర్‌లో దూర పరీక్ష అమరికను ఎంచుకుంటే దాని శక్తి బాగా తగ్గుతుంది. సూచనల పుస్తకంలో చెప్పినంత దూరం, సాధారణంగా ముప్ఫై అంగల వరకు, వెనక్కి నడిచి తలాలు తడబడకుండా పలుకుతున్నాయేమో చూడాలి. తర్వాత మోడల్‌ను ఒకరు గట్టిగా పట్టుకుని ఉండగా మోటారును నెమ్మదిగా తిప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. సంకేతం పోగానే ప్రొపెల్లర్ ఆగిపోవాలి. ఆగకపోతే ఆ రోజు ఎగరవేయకండి.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల పరిధిలోకి ఇలాంటి మోడళ్లు కూడా వస్తాయి. అవి కంటికి కనిపించే దూరం దాటకూడదు. ఎగరవేసే చోటును ముందుగా ప్రభుత్వ మ్యాపులో చూసుకోవాలి. విమానం దిగాక వరుస తిరగబడుతుంది: మొదట బ్యాటరీ తీసి, ఆ తర్వాతే ట్రాన్స్‌మిటర్ ఆపాలి. మధ్యాహ్నం రెక్క విప్పి మళ్లీ బిగిస్తే, ఉదయం చేసిన పరీక్ష లెక్కలోకి రాదు.